సంఖ్యలతో సంతకము

ఫోనులో ఒక కొత్త యాప్‌ను ఎక్కించుకొనడము ఈనాడు బడిపిల్లలకు కూడా తెలిసిన పని. వేలితో తాకిన కొద్ది క్షణాలలో ఆ పని ముగుస్తుంది. ఆ కొద్ది క్షణాలలోనే ఫోను ఒక పరీక్ష జరుపుతున్నదన్న సంగతి మాత్రము చాలమంది ఎరుగరు. ఈ యాప్ మీద ఉన్న సంతకము ఎవరిది? వారి చేతినుండి బయలుదేరిన తరువాత దారిలో ఎవరైనా దీనిలో ఒక్క అక్షరమైనా మార్చినారా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము సరిపోతేనే ఫోను యాప్‌ను లోపలికి రానిస్తుంది. సరిపోకపోతే గుమ్మములోనే ఆపివేస్తుంది.

బ్యాంకు లెక్కలు, ఆధార్ వివరములు, ఇంటివారి ఫోటోలు, మాటామంతీ అన్నీ ఇప్పుడు ఆ చిన్న యంత్రములోనే ఉంటున్నవి. కనుక గుమ్మము దగ్గర జరిగే ఆ పరీక్ష ఎక్కడ గట్టిదో, ఎక్కడ గట్టిది కాదో తెలుసుకొనడము అందరికీ అవసరము. పరీక్షకు ఆధారము ఒక సంతకము. అది సిరాతో చేసినది కాదు, సంఖ్యలతో చేసినది. దాని చరిత్ర సుమారు యాభై ఏండ్లది. ఆ చరిత్రను మొదటినుండి చూస్తే, సంతకము మనకు ఏమి చెబుతుందో, ఏమి చెప్పదో తేటపడుతుంది.

రాగిరేకుల ముద్ర

మొదట పాతకాలపు సంతకమునొకదానిని చూతము. వేంగిని ఏలిన తూర్పు చాళుక్యరాజులు తమ దానములను రాగిరేకుల మీద చెక్కించేవారు. రేకులకు రంధ్రము చేసి, అన్నిటినీ ఒక కడియమునకు గ్రుచ్చి, కడియపు కొనలను ఒక ముద్రలో బిగించేవారు. ఆ ముద్రమీద వరాహము, "శ్రీ త్రిభువనాంకుశ" అనే బిరుదము కనిపిస్తాయి. ముద్రను బట్టి దానము ఎవరిదో తెలుస్తుంది. కడియమును కోయనిదే ఒక రేకును తీయడానికి గాని, కొత్త రేకును చేర్చడానికి గాని వీలు లేదు. ఎవరిది, మారినదా అన్న రెండు ప్రశ్నలకూ ఆ కాలపువారు చెప్పిన జవాబు ఇది.

అయినా నకిలీ తామ్రశాసనములు పుట్టకపోలేదు. శాసన పరిశోధకులకు ఆ సంగతి బాగా తెలుసు. ముద్రలో ఉన్న లోపము ఏమిటంటే, ఏ దానమునకైనా అదే ముద్ర. రేకులమీద ఏమి వ్రాసి ఉన్నదో దానికి, ముద్ర రూపమునకు సంబంధము లేదు. కంప్యూటరు లోకములో ఈ లోపము మరీ పెద్దది. అక్కడ మూలమునకు, నకలుకు తేడా అణుమాత్రమైనా ఉండదు. ఒక ఫైలునుండి ముద్రను ఒలిచి మరొక ఫైలుకు అంటించడము నిమిషములో పని. కాబట్టి అక్కడ కావలసిన సంతకము వేరు. వ్రాతలో ఒక్క అక్షరము మారితే అది చెల్లకుండ పోవలె. దానిని ఎవరైనా సరిచూడగలిగి ఉండవలె. కాని చేయగలవాడు ఒక్కడే కావలె. ఇటువంటిది సాధ్యమేనా?

రెండు తాళపుచెవులు

1970ల వరకు గూఢలిపి శాస్త్రములో ఒక నియమము తిరుగులేకుండ నడిచినది. రహస్యలేఖ పంపేవానికి, అందుకొనేవానికి ఒకే తాళపుచెవి ఉండవలె. అటువంటి తాళపుచెవితో సంతకము కుదరదు. రామయ్యకు, సోమయ్యకు మాత్రమే తెలిసిన చెవితో రామయ్య ఒక లేఖ పంపినాడనుకొందాము. అది రామయ్య వ్రాసినదేనని సోమయ్యకు నమ్మకము కలుగుతుంది. కాని తగవు వచ్చి న్యాయస్థానమునకు పోతే, "అదే చెవి సోమయ్య దగ్గరా ఉన్నది గదా, ఆ లేఖను అతడే పుట్టించుకొన్నాడు" అని రామయ్య బుకాయించవచ్చును. అట్లా బుకాయించడానికి వీలున్నది సంతకము కాదు.

1976 నవంబరులో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ అనువారు "గూఢలిపి శాస్త్రములో కొత్త దారులు" అనే అర్థము వచ్చే శీర్షికతో ఒక వ్యాసము ప్రచురించినారు. తాళపుచెవిని రెండుగా చేయవచ్చునన్నది అందులోని ఆలోచన. ఒక చెవిని లోకమంతటికీ చాటవచ్చును. రెండవది యజమాని దగ్గర రహస్యముగా ఉంటుంది. మొదటిదానిని చూచి రెండవదానిని రాబట్టడము ఆచరణలో అసాధ్యము. రహస్యపు చెవితో చేసిన పనిని బహిరంగపు చెవితో ఎవరైనా సరిచూడవచ్చును. సంతకమునకు కావలసిన లక్షణములన్నీ ఈ ఆలోచనలో ఉన్నవి. ఆచరణకు అనువైన సంతకపు పద్ధతి మాత్రము ఇంకా దొరకలేదు.

ఇదే దారిలో బ్రిటిషు ప్రభుత్వపు గూఢచార విభాగమైన జి.సి.హెచ్.క్యు.లో అంతకు ముందే కొందరు నడిచినారు. రెండు చెవుల ఆలోచన 1970లో జేమ్స్ ఎల్లిస్‌కు తట్టినది. 1973లో క్లిఫర్డ్ కాక్స్, 1974లో మాల్కమ్ విలియమ్సన్ దానికి గణిత రూపము కల్పించినారు. కాని ఆ పని రహస్యముగానే ఉండిపోయి, 1997లో గాని లోకమునకు తెలియలేదు.

33 అనే సంఖ్య చెప్పే కథ

ఆచరణకు అనువైన పద్ధతిని 1977లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో రొనాల్డ్ రివెస్ట్, ఆది షమీర్, లెనార్డ్ ఏడెల్‌మన్ కనుగొన్నారు. వారి పేర్లలోని మొదటి అక్షరాలతో దానిని ఆర్.ఎస్.ఎ. పద్ధతి అంటారు. 1978 ఫిబ్రవరిలో వారు ప్రచురించిన వ్యాసపు శీర్షికలో రహస్యలేఖకంటె ముందు సంతకము అన్న మాటే ఉండడము గమనింపదగినది. ఉన్నత పాఠశాల విద్యార్థులు కాగితము, పెన్సిలుతో ఈ పద్ధతిని సరిచూచుకొనవచ్చును.

రెండు ప్రధాన సంఖ్యలు తీసుకొందాము: 3, 11. వాటి లబ్ధము 33. ఒక్కొక్కదానిలో ఒకటి తీసివేసి గుణిస్తే 2 × 10 = 20. ఇప్పుడు, గుణించి 20తో భాగిస్తే శేషము 1 మిగిలేటట్లు రెండు సంఖ్యలు కావలె. 3, 7 అందుకు సరిపోతాయి; 3 × 7 = 21 గదా. 33ను, 3ను అందరికీ చాటుతాము. అవి బహిరంగపు చెవి. 7ను మాత్రము దాచుకొంటాము. అది రహస్యపు చెవి.

మన లేఖ 4 అనే సంఖ్య అనుకొందాము. సంతకము చేయడానికి 4ను ఏడవ ఘాతమునకు హెచ్చించవలె. 16,384 వస్తుంది. దానిని 33తో భాగిస్తే శేషము 16. ఇదే సంతకము. లేఖ 4, సంతకము 16 కలిపి పంపుతాము. అందుకొన్నవాడు 16ను మూడవ ఘాతమునకు హెచ్చిస్తాడు. 4,096 వస్తుంది. 33తో భాగిస్తే శేషము 4. లేఖతో సరిపోయినది! దారిలో ఎవడైనా లేఖను 5గా మార్చి ఉంటే, 4కు 5కు పొత్తు కుదరక మోసము బయటపడేది. లేఖను వదలి సంతకమును 17గా మార్చి ఉంటే, 17 మూడవ ఘాతము 4,913. 33తో భాగించగా మిగిలేది 29. అదీ పట్టుబడుతుంది.

7ను కనిపెట్టవలెనంటే 20 తెలియవలె. 20 తెలియవలెనంటే 33ను 3, 11గా విడగొట్టవలె. 33ను ఏడవ తరగతి పిల్లవాడు విడగొట్టగలడు. కాని ఈనాడు వాడుకలో ఉన్న 2,048 బిట్ల చెవి దశాంశ పద్ధతిలో 617 అంకెల సంఖ్య. అంత సంఖ్యను ఇంతవరకు ఎవరూ విడగొట్టలేదు. 1977లో ఒక పత్రికలో పందెముగా ప్రకటించిన 129 అంకెల సంఖ్యను విడగొట్టడానికి 1994 దాకా పట్టినది. అదీ ఇంటర్నెట్ ద్వారా సుమారు 600 మంది స్వచ్ఛందముగా తమ కంప్యూటర్లను అప్పగిస్తే సాధ్యమైనది.

ఈ వ్యాసములో ఇకమీదట వచ్చే కథ అంతా నిజానికి ఆ 7 కథే. దానిని ఎవరు, ఎక్కడ, ఎట్లా దాచినారన్నదే ప్రశ్న.

వేలిముద్ర, ధ్రువపత్రము

ఒక యాప్‌లో కోట్లకొలది అక్షరాలు ఉండవచ్చును. అన్నిటినీ ఘాతమునకు హెచ్చించడము కుదరని పని. అందుకని ముందు ఫైలునంతా ఒక గణిత యంత్రములో వేసి, చిన్న సంఖ్యగా పిండుతారు. దీనిని హాష్ అంటారు. మనము వేలిముద్ర అందాము. ఫైలులో ఒక్క చుక్క మారినా వేలిముద్ర గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. సంతకము చేసేది ఈ వేలిముద్రమీదనే. ఇద్దరు మనుషులకు ఒకే వేలిముద్ర ఉండరాదు. అట్లాగే రెండు వేరు ఫైళ్లకు ఒకే హాష్ దొరకరాదు. 1992లో వెలువడిన ఎమ్.డి.5 పద్ధతిలో అటువంటి జంటలను 2004లో చైనా గణితవేత్త వాంగ్ షియావ్‌యున్, ఆమె సహచరులు పుట్టించి చూపినారు. 1995 నాటి ఎస్.హెచ్.ఎ.1కు 2017లో అదే గతి పట్టినది. అందుచేత ఇప్పుడు 256 బిట్ల వేలిముద్రనిచ్చే ఎస్.హెచ్.ఎ.256 వంటివి వాడుతున్నారు.

ఇక మరొక చిక్కు. బహిరంగపు చెవి రామయ్యదేనని మనకు ఎట్లా తెలుస్తుంది? దొంగ తన చెవిని చాటి, "నేనే రామయ్యను" అంటే? ప్రతివారి చెవులను పట్టికగా వ్రాసి ఒకచోట ఉంచవలెనని మొదట అనుకొన్నారు. 1978లో లోరెన్ కోన్‌ఫెల్డర్ అనే విద్యార్థి, పైన చెప్పిన మసాచుసెట్స్ విద్యాసంస్థలోనే, తన పట్టభద్ర పరీక్షకు సమర్పించిన వ్యాసములో అంతకంటె సులువైన దారి చూపినాడు. అందరూ నమ్మే ఒక సంస్థ "ఈ చెవి ఫలానావారిది" అని వ్రాసి, దానిమీద తన సంఖ్యాసంతకము చేసి ఇస్తే సరి. ఆ కాగితమును ఎవరైనా వెంట తీసుకొనిపోవచ్చును. దానికే ధ్రువపత్రమని పేరు. మార్కుల జాబితా నకలుమీద గెజిటెడ్ అధికారి సంతకము చేయించుకొనడము మనకు అలవాటే. ఇదీ అటువంటిదే. ఆ అధికారిని ఎవరు నమ్మమన్నారు అంటే ఆయన పైఅధికారి, ఆయనను నమ్మమన్నది ఇంకా పైవారు. ఇట్లా గొలుసుగా పోయి చివర ఒక మూలసంస్థ దగ్గర ఆగుతుంది. ఆ మూలసంస్థల పేర్లు ఫోనులో, కంప్యూటరులో ముందే పొందుపరచి ఉంటాయి. ఈ ధ్రువపత్రములకు ఎక్స్.509 అనే అంతర్జాతీయ ప్రమాణము 1988లో ఏర్పడినది.

ప్రోగ్రాముమీద సంతకము

లేఖలమీద చేసే సంతకమును ప్రోగ్రాములమీద చేయడము 1990లలో విస్తరించినది. అంతవరకు ప్రోగ్రాములు ఎక్కువగా అట్టపెట్టెలలో, డిస్కులమీద, దుకాణములలో అమ్ముడుపోయేవి. పెట్టెను చూచి నమ్మేవారు. ఇంటర్నెట్ వచ్చిన తరువాత పెట్టె పోయినది. దాని స్థానములో 1996లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఆథెంటికోడ్ అనే సంతకపు పద్ధతిని ప్రవేశపెట్టినది. ఆ ఏడే అమెరికాలో ఒక ప్రోగ్రామరు ఒక చమత్కారము చేసినాడు. చూచినవారి కంప్యూటరును ఆర్పివేసే చిన్న ప్రోగ్రాము వ్రాసి, దానిమీద చెల్లుబాటైన ధ్రువపత్రముతోనే సంతకము చేసి, తన పుటలో పెట్టినాడు. సంతకములో దోషము లేదు. ప్రోగ్రాము చేసిన పనిలోనే దోషము. సంతకము కర్తను చూపుతుంది, అతని గుణమును చూపదు. ఈ పాఠము అంత తొలినాళ్లలోనే అందినది.

2001 జనవరిలో మరొక పాఠము. వెరిసైన్ అనే ధ్రువీకరణ సంస్థ, తాను మైక్రోసాఫ్ట్ ఉద్యోగినని చెప్పుకొన్న ఒక మోసగానికి, మైక్రోసాఫ్ట్ పేరుమీదనే రెండు ధ్రువపత్రములు ఇచ్చివేసినది. గణితము మోసపోలేదు, బల్ల వెనుక కూర్చున్న మనిషి మోసపోయినాడు.

రెండు ఇండ్లు, రెండు గుమ్మములు

మొబైలు ఫోనుల లోకములో ఈ సంతకము రెండు వేరు దారులు తొక్కినది. ఆపిల్ సంస్థ 2008 జూలై 10న సుమారు 500 యాప్‌లతో తన దుకాణమును తెరిచినది. అక్కడ మూలసంస్థ ఆపిలే. యాప్ నిర్మాతకు ధ్రువపత్రము ఇచ్చేది ఆపిల్; ఆ పత్రమును, యాప్ పేరును, అది ప్రయత్నించి చూడదగిన ఫోనులను ముడిపెట్టి అనుమతిపత్రము ఇచ్చేదీ ఆపిలే. దుకాణములో పెట్టే యాప్‌ను పరిశీలించి చివరిగా ముద్ర వేసేదీ ఆ సంస్థే. నిర్మాతల ధ్రువపత్రములను ఏడాదికొకసారి కొత్తవి చేసుకొనవలె. ఇది రిజిస్ట్రారు కచేరీ వంటి ఏర్పాటు.

అదే ఏడు అక్టోబరు 22న గూగుల్ సంస్థ ఆండ్రాయిడ్ దుకాణము తెరుచుకొన్నది. అక్కడ నిర్మాత తన ధ్రువపత్రమును తానే వ్రాసి, తానే సంతకము చేసుకొనవచ్చును. ఇంత తేలిక ఏర్పాటుకు విలువ ఏమిటని అడుగవచ్చును. ఫోను అక్కడ అడిగే ప్రశ్న వేరు. "నీవు ఎవరవు?" అని అడగదు, "నిన్న వచ్చినవాడవేనా?" అని అడుగుతుంది. ఒక యాప్ కొత్త రూపము వచ్చినప్పుడు, పాతదానిమీద సంతకము చేసిన చెవితోనే దీనిమీదా చేసి ఉండవలె. లేకపోతే ఫోను దానిని నిరాకరిస్తుంది. ఉత్తరములోని చేతివ్రాతను చూచి పాత స్నేహితుని గుర్తుపట్టడము వంటిది ఇది. ఆ దుకాణములో పెట్టే యాప్ ధ్రువపత్రము 2033 అక్టోబరు 22 దాటేవరకు చెల్లవలెనన్న నియమము కూడా అప్పటిదే. దుకాణము తెరిచిన నాటినుండి లెక్కిస్తే సరిగా 25 ఏండ్లు.

ఈ ఏర్పాటువల్ల నిర్మాతమీద పెద్ద బరువు పడినది. రహస్యపు చెవి ఉన్న ఫైలు పోయినా, దాని సంకేతపదము మరచినా, ఆ యాప్‌కు ఇక కొత్త రూపము పంపడానికి వీలులేదు. వాడుకరులు లక్షలమంది ఉన్నా, వేరే పేరుతో మొదటినుండి మొదలుపెట్టవలసినదే. ఈ కష్టము చూచి 2017లో గూగుల్ ఒక మార్గము కల్పించినది. చెవిని గూగులే తన దగ్గర భద్రపరచి, నిర్మాత తరఫున సంతకము చేస్తుంది. 2018లో వచ్చిన తొమ్మిదవ ఆండ్రాయిడ్‌లో, పాత చెవితో కొత్త చెవికి వారసత్వము వ్రాసిచ్చే పద్ధతి చేరినది. 2021 ఆగస్టునుండి ఆ దుకాణములో కొత్తగా పెట్టే యాప్‌లకు గూగుల్ దగ్గర చెవి ఉంచడము తప్పనిసరి అయినది. పోతుందన్న భయము తగ్గినది. కాని చెవి యజమాని చేతిలో మాత్రమే ఉండవలెనన్న 1976 నాటి నియమము సడలినది. ఏది మేలన్న చర్చ ఇంకా ముగియలేదు.

దొంగలు దూరిన దారులు

ఇక ఓటముల సంగతి. 2013 జూలైలో బ్లూబాక్స్ అనే సంస్థ ఆండ్రాయిడ్ సంతకములో ఒక లొసుగును బయటపెట్టినది. యాప్ అనేది అనేక ఫైళ్లను కట్టిన మూట. అప్పటి పద్ధతిలో ఒక్కొక్క ఫైలు వేలిముద్రను జాబితాగా వ్రాసి, ఆ జాబితామీద సంతకము చేసేవారు. మూటలో ఒకే పేరుతో రెండు ఫైళ్లను ఉంచితే, సంతకము సరిచూచే భాగము అసలుదానిని చూచి ఒప్పుకొనేది; ప్రోగ్రామును నడిపించే భాగము దొంగదానిని తీసుకొనేది. రేకులను ఒక్కొక్కటిగా చూచి, కడియమును చూడకపోవడము వంటిది ఇది! లోపమును వెంటనే సరిదిద్దినారు. 2016లో వచ్చిన ఏడవ ఆండ్రాయిడ్‌నుండి మూటనంతటినీ కలిపి ఒకే ముద్ర వేసే పద్ధతి ప్రవేశించినది.

చెవిని దొంగిలించడము మరొక దారి. 2010లో ఇరాన్ అణు కర్మాగారములోని యంత్రములను పాడుచేసిన స్టక్స్‌నెట్ అనే ప్రోగ్రాముమీద, తైవాన్‌కు చెందిన రియల్‌టెక్, జెమైక్రాన్ సంస్థల నిజమైన చెవులతో చేసిన సంతకములు కనిపించినవి. 2011లో నెదర్లాండ్స్‌లోని డిజినోటార్ అనే ధ్రువీకరణ సంస్థలోకి దొంగలు చొరబడి, గూగుల్ పేరిట నకిలీ ధ్రువపత్రము పుట్టించినారు. ఇరాన్‌లో ఎందరో దానివల్ల మోసపోయినారు. ఆ సంస్థను ఎవరూ నమ్మకపోవడముతో అదే ఏడు అది దివాలా తీసినది. 2022లో శాంసంగ్, ఎల్‌జీ, మీడియాటెక్ వంటి సంస్థలు ఫోను మూలవ్యవస్థమీద సంతకము చేసే చెవులతోనే దుష్ట ప్రోగ్రాములు సంతకమై తిరుగుతున్నట్లు గూగుల్ వెల్లడించినది.

2015 సెప్టెంబరులో చైనాలో బయటపడిన మోసము అన్నిటికంటె ఆలోచింపదగినది. ఆపిల్ యాప్‌లను తయారుచేసే ఎక్స్‌కోడ్ అనే పనిముట్టు చాలా పెద్ద ఫైలు. విదేశమునుండి దించుకొనడము ఆలస్యమవుతున్నదని అక్కడి నిర్మాతలు కొందరు దగ్గరలో దొరికిన నకలును వాడినారు. ఆ నకలులో ఎవరో విషము కలిపినారు. దానితో తయారైన ప్రతి యాప్‌లోకీ, నిర్మాతకు తెలియకుండానే, ఆ విషము చేరినది. కోట్లమంది వాడే వీచాట్ కూడా అందులో ఒకటి. చెవి నిజమైనది, సంతకము నిజమైనది, నిర్మాత కూడా నిజాయితీపరుడే. పాలు కాచేముందే గిన్నెలో దోషమున్నది.

ఈ సంఘటనలలో ఎక్కడా ఎవరూ 617 అంకెల సంఖ్యను విడగొట్టలేదు. గణితములోని బలహీనత పనికివచ్చిన పెద్ద ఉదాహరణ ఒకటి ఉన్నది: 2012లో కనిపించిన ఫ్లేమ్ అనే ప్రోగ్రాము, అప్పటికే చెడిపోయిన ఎమ్.డి.5 వేలిముద్రను ఆసరా చేసుకొని మైక్రోసాఫ్ట్ పేరిట ధ్రువపత్రమును పుట్టించినది. అదైనా, కాలము చెల్లిన పద్ధతిని మానకపోవడమువల్ల జరిగినదే. తక్కినవన్నీ 7ను దాచడములోనో, ఇచ్చేవారి ఏమరుపాటులోనో, పనిముట్టును నమ్మడములోనో జరిగిన పొరపాట్లు.

ముద్ర పట్టినవాని అధికారము

ధ్రువపత్రము ఇచ్చేవారికి దానిని రద్దుచేసే అధికారము కూడా ఉంటుంది. సంస్థలు తమ ఉద్యోగుల కొరకు యాప్‌లు చేసుకొనడానికి ఆపిల్ వేరుగా ధ్రువపత్రములు ఇస్తుంది. ఫేస్‌బుక్ ఆ పత్రముతో బయటివారి ఫోను వాడకమును గమనించే యాప్‌ను పంచినదని తేలగా, 2019 జనవరి 30న ఆపిల్ దానిని రద్దుచేసినది. తత్‌క్షణము ఫేస్‌బుక్ ఉద్యోగుల లోపలి యాప్‌లన్నీ నడవడము మానివేసినవి. మరునాడు గూగుల్‌కూ అదే అనుభవము కలిగినది. పత్రములు త్వరలోనే తిరిగి చెల్లుబాటైనవి. కాని ఒక సంతకమును చెరిపివేస్తే ఎంతటి సంస్థ పని అయినా ఆగిపోగలదని లోకమునకు తెలిసినది.

మన దేశములో సంఖ్యాసంతకమునకు 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము చట్టబద్ధతనిచ్చినది. ధ్రువీకరణ సంస్థలకు లైసెన్సులిచ్చి పర్యవేక్షించే కంట్రోలరు ఆ చట్టముక్రిందనే ఏర్పడినారు. లైసెన్సు పొందిన సంస్థలలో, రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాదులో స్థాపించిన బ్యాంకింగు సాంకేతిక పరిశోధన సంస్థ ఐ.డి.ఆర్.బి.టి. ఒకటి. మన గొలుసులోనూ ఒకసారి లంకె తెగినది. 2014 జూలైలో, కేంద్ర ప్రభుత్వపు జాతీయ ఇన్‌ఫర్మేటిక్స్ కేంద్రము పేరుతో గూగుల్ చిరునామాలకు అనధికార ధ్రువపత్రములు వెలువడినట్లు గూగుల్ గుర్తించినది. కంట్రోలరు మరునాడే ఆ కేంద్రపు ధ్రువీకరణాధికారములను రద్దుచేసినారు. అవి యాప్‌లకు కాక వెబ్‌సైట్లకు సంబంధించినవి. అయినా నమ్మకపు గొలుసు రెండింటికీ ఒకే తీరుది.

ఇప్పుడు మన ఊళ్లలో జరుగుతున్న మోసమునకు వద్దాము. ట్రాఫిక్ చలానా అనో, బ్యాంకు కె.వై.సి. అనో, పెండ్లి శుభలేఖ అనో చెప్పి వాట్సాప్‌లో ఎ.పి.కె. ఫైళ్లు పంపుతున్నారు. నొక్కి ఎక్కించుకొన్నవారి బ్యాంకు సొమ్ము మాయమవుతున్నది. ఆండ్రాయిడ్ ఫోను సంతకము లేని యాప్‌ను ఎక్కించుకొనదు గదా, మరి ఇవి ఎట్లా ఎక్కుతున్నవి? వాటిమీదా సంతకము ఉన్నది. దొంగ తన చెవితో తానే చేసుకొన్న సంతకమది. ఆ చేతివ్రాతను ఫోను మునుపెన్నడూ చూడలేదు. కనుక పోల్చడానికి ఏమీ లేదు.

ఇందుకు విరుగుడుగా గూగుల్ 2025 ఆగస్టులో ఒక ప్రకటన చేసినది. దుకాణము బయట పంచే యాప్‌లకైనా నిర్మాత తన ఊరుపేరులను ముందుగా నమోదు చేసుకొనవలె. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండొనీసియా, సింగపూరు, థాయిలాండ్‌లలో మొదలుపెట్టి, తరువాత తక్కిన దేశములకు విస్తరిస్తామన్నది ఆ ప్రకటన. దొంగలకు ముఖము దాచుకొనడము కష్టమవుతుందని కొందరు మెచ్చుకొన్నారు. ఎవరు ప్రోగ్రాము వ్రాసి పంచవలెనో ఒక సంస్థ నిర్ణయించడమా అని మరికొందరు ఆక్షేపించినారు. విమర్శలు వచ్చిన మీదట, అపాయము తెలిసి ముందుకు పోదలచిన అనుభవజ్ఞులకు వేరు మార్గము ఉంచుతామని నవంబరులో గూగుల్ చెప్పినది. రెండు ఇండ్ల గుమ్మములు ఒకదానినొకటి పోలుతున్నవి.

గణితపు పునాదికి కూడా కొత్త పరీక్ష రాబోతున్నది. తగినంత పెద్ద క్వాంటం కంప్యూటరు తయారైతే పెద్ద సంఖ్యలను త్వరగా విడగొట్టవచ్చునని పీటర్ షోర్ 1994లోనే చూపినాడు. అటువంటి యంత్రము ఇంకా రాలేదు. వచ్చినా తట్టుకొనే కొత్త సంతకపు పద్ధతులను అమెరికా ప్రమాణముల సంస్థ 2024 ఆగస్టులో ప్రకటించినది.

ఉపాధ్యాయులు తరగతిలో పైన చెప్పిన 33 ఉదాహరణను చేయించవలెనని మనవి. ఒక విద్యార్థి 7ను దాచుకొని సంతకము చేయవలె. తక్కినవారు 33, 3లతో సరిచూడవలె. తరువాత ఒక అబద్ధపు వాక్యమునకు 4 అని పేరుపెట్టి, దానిమీదా సంతకము చేయించవలె. లెక్క అప్పుడు కూడా తప్పక సరిపోతుంది. అబద్ధముమీద చేసిన సంతకము కూడా నిజమైన సంతకమేనని పిల్లలు తమ పెన్సిలుతో తామే కనుగొంటారు. అది కనుగొన్నవారు, వాట్సాప్‌లో వచ్చిన శుభలేఖను తెరిచేముందు పంపినవారికి ఒకసారి ఫోను చేసి అడుగుతారు.